జింగనూర్ పేర్లున్న డిస్కు

జింగనూర్ వాళ్ళ రుజువును చంపింది మీరే! పేరు పెట్టి చెబుతున్నాను. తునికాకు సంఘం సెక్రటరీ రామనాథం సేట్, ఆయన పక్కన కుర్చీలు లాక్కుని కూర్చునే కమిటీ. చెదల మీదికి నెట్టకండి, వరద మీదికి నెట్టకండి. అవి తిన్నది కాగితం రిజిస్టర్లను. కంప్యూటర్ జోలికి అవి రాలేదు. కంప్యూటర్‌ను మీరు శాలువాతో చంపారు.

నవ్వొస్తోందా? నవ్వండి. జింగనూర్ వాళ్ళ భూమి కాగితాలు రాసిపెట్టేది నేనే, సోమవారం పొద్దున ఆ గదిలోనే ఉన్నాను.

సిరొంచలో సంఘం గోదాం వెనక గదిలో రెండు పాత కంప్యూటర్లున్నాయి. 1998లో కొన్నవి. రెండూ ఒకే రకం. ఒకప్పుడు తెల్లగా ఉండేవట, ఇప్పుడు గార పట్టిన పళ్ళలా ఉన్నాయి. ఆ రోజుల్లో గుమస్తా ఒకాయన ఓపిగ్గా కూర్చుని, ఏ ఊరి మనిషి ఏ కల్లంలో తునికాకు కట్టలు వేసిందో, పేరూ ఊరూ కార్డు నంబరుతో సహా వాటిలో కొట్టిపెట్టాడు. జింగనూర్ వైపు అడవి ఊళ్ళన్నీ మొదటి కంప్యూటర్‌లో. రేగుంట వైపు ఊళ్ళన్నీ రెండోదానిలో. ఆయన ఉద్యోగం మానేశాక వాటి మీద గోనెసంచులు కప్పారు. ఇరవై ఏళ్ళు ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడెందుకు ముట్టారు? అడవి భూమి కోసం. 2005 డిసెంబరుకు ముందు నుంచీ అక్కడే బతుకుతున్నామని చూపిస్తేనే పట్టా ఇస్తారు. ఆఫీసులో ఆ రుజువును పురావా అంటారు. ఊరి పెద్దల మాట ఒక్కటి చాలదు, రాతలో ఇంకొకటి కావాలి. జింగనూర్ భీమక్కకు రెండున్నర ఎకరాల చెలక ఉంది. జొన్న వేస్తుంది, కంది వేస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ చెలక ఆమెదే. పోయినేడు ఫారెస్టు వాళ్ళు ఆ చెలకలోనే మొక్కలు నాటడానికి గుంతలు తవ్వించారు. గురువారం సాయంత్రం ఐదులోపల రెండో పురావా పెట్టకపోతే దావా కొట్టేస్తామని పట్టా ఆఫీసు నుంచి కాగితం పంపారు. ఇరవై రెండేళ్ళ వయసులో భీమక్క కట్టలు వేసిన కల్లం, ఆమె కార్డు నంబరు ఆ మొదటి కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

సోమవారం చంద్రపూర్ నుంచి మయూర్ అనే మెకానిక్ వచ్చాడు. పని తెలిసినవాడే. పెట్టె విప్పాడు, దుమ్ము ఊదాడు, పేర్లున్న డిస్కును బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త వైరు తగిలించబోతున్నాడు. సరిగ్గా అప్పుడే వచ్చాడు రామనాథం. చేతిలో శాలువా, కొబ్బరికాయ. వెనక ఫోను ఎత్తిపట్టుకుని సంఘం బంట్రోతు ఆదయ్య.

"ఆగుండ్రి, ఆగుండ్రి! సత్కారం చెయ్యకుంట పన్ల కూసోవెట్టిన్రా? గంత దూరంకెళ్ళి వచ్చిండు మనిషి!"

మా వైపు ఇదొక రోగం. టీచరు బదిలీ అయితే శాలువా. కొత్త సాహెబ్ దిగితే శాలువా. బోరింగు బాగుచేస్తే శాలువా. చేసిన పనికి కప్పితే కొంత అర్థముంది. ఇంకా చేయని పనికి కూడా ముందే కప్పేస్తారు.

మయూర్‌ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కవరు చింపారు. చవక రకం. నూలు పోగు ఒక్కటి లేదు, అంతా ప్లాస్టిక్ నార. చలికాలం వెళ్ళిపోతున్న రోజులు, గాలిలో తడి చుక్క లేదు. పెదవులు పగిలే గాలి. శాలువా కప్పారు. ఫోటో మసకగా వచ్చిందని లాగి మళ్ళీ కప్పారు. ఆదయ్య వేలు అడ్డొచ్చిందని మూడోసారి కప్పారు! చప్పట్లు కొట్టారు. మయూర్ సిగ్గుపడుతూ శాలువా గుంజి కుర్చీ మీద పడేశాడు. అది చిటచిటమంది. అతని చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అలాగే వెళ్ళి డిస్కు అడుగున ఉన్న పచ్చ బోర్డు మీద వేలు పెట్టాడు.

చిట్!

ఆవగింజంత నీలి నిప్పు. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అందరూ పకపకా నవ్వారు, కరెంటు కొట్టిందని. కరెంటు ఇంకా ఇస్తే కదా!

తరవాత ఇచ్చారు. డిస్కు తిరగలేదు. గంటసేపు అటూ ఇటూ తిప్పి చూసి మయూర్ మొహం మాడ్చుకుని, "గయా. బోర్డు కాలిపోయింది" అన్నాడు. రామనాథం ఏమన్నాడో తెలుసా?

"ఒకటి వాయె. రెండోది ఉన్నది గదా, అది ఇప్పుండ్రి."

నాకు ఒళ్ళు మండింది. "దాని మీద చెయ్యి వెడ్తే మంచిగుండదు సేట్! ఒకదాన్ని సంపింది సాలదా?" అని అరిచాను.

"గిదేంది తిరుపతమ్మా, శాలువా కప్పితే మిషన్ సస్తదా? లోకం నవ్వుతది."

లోకాన్ని నవ్వనిచ్చి నేను బస్టాండు సందులోకి పరిగెత్తాను, నూరున్నీసా ఆపా కోసం.

ఆ సందులో వాళ్ళది రెండు తరాల రిపేరు దుకాణం. మామ రేడియోలు బాగుచేశాడు, భర్త మెహబూబ్ టీవీలు బాగుచేశాడు. ఇప్పుడు మెహబూబ్ భాయ్ కౌంటర్‌లో కూర్చుని బేరాలు చూస్తాడు. విప్పేదీ అతికేదీ ఆపానే. ఆ సాయంత్రమే వచ్చి ఆమె, అప్పటికే మూత విప్పి ఉన్న రెండో కంప్యూటర్ లోపలికి బ్యాటరీ లైటు వేసి చూసింది. ముట్టుకోలేదు. చనిపోయిన డిస్కు మీది చీటీ చదివింది. మళ్ళీ లోపలికి చూసింది. ఒక్కసారిగా నా జబ్బ పట్టుకుంది.

"అక్కా! రెండు డిస్కులు ఒక్క తల్లి పిల్లలే! నంబర్ సుత ఒక్కటే!"

"అయితే ఏంది?"

"కాలింది కింది బోర్డు. పేర్లు బోర్డుల ఉండవు, లోపట పళ్ళెం మీదుంటయి. పళ్ళెం మంచిగనే ఉన్నది. రెండోదాని బోర్డు ఇప్పి దీనికి వెడ్తే లేస్తది! ఈ పాతవాటికి గట్ల నడుస్తది. కొత్తవాటికి నడ్వది."

నేను గంతేశాను. నిజంగానే గంతేశాను, యాభై దాటినదాన్ని.

"కానీ ఇన్రి," అంది ఆపా గొంతు తగ్గించి. "బతికున్న బోర్డు ఒక్కటే. దానికి సుత చిట్ అన్నదో, జింగనూర్ పోతది, రేగుంట పోతది. రెండూ."

మంగళవారం పొద్దున్నే చేసి ఉండాల్సిన పని ఇది. రామనాథం తాళం ఇవ్వలేదు. కమిటీ తీర్మానం కావాలట! మంగళవారం కమిటీలో ఒకరి ఇంట్లో పెళ్ళి, బుధవారం ఇంకొకరికి పళ్ళ నొప్పి. గురువారం పదకొండు గంటలకు తాళం చేతికొచ్చింది. అప్పటికే భీమక్క జింగనూర్ నుంచి జీపులో వచ్చి గోదాం మెట్ల మీద రెండు గంటలుగా కూర్చుంది. గడువు ఐదు గంటలు.

ఆపా నూలు చీరలో వచ్చింది. గాజులు తీసేసింది. గడప బయటే చెప్పులు విడిచింది. గదిలోకి అడుగుపెట్టి మొదట కంప్యూటర్ వైపు చూడనే లేదు.

"గా ప్లాస్టిక్ చాప తీయుండ్రి. కుర్చీలు బయట. ఆ థర్మకోల్ డబ్బ ఎవలు వెట్టిండ్రు? డిస్కు దాంట్లనా? అరే ఖుదా!" అంటూ చనిపోయిన డిస్కును తీయించి, మెత్తని నూలు గుడ్డ పరిచి దాని మీద పెట్టించింది.

భీమక్క తలుపు దగ్గర నిలబడి అన్నీ గుచ్చి గుచ్చి చూస్తోంది. "ఏందమ్మా, దీనికి గింత మడి?" అని అడిగింది.

"చలికి స్వెట్టర్ ఇప్పుతుంటే చిటచిట అంటది సూడు, గదే దీనికి శత్రువు. మనకు చురుక్కుమంటే దీనికి పిడుగు వడ్డట్టు. మనకు తెల్వకుంట సుత పడ్తది. మన పెయ్యిల ఉన్నది మట్టిల కలవాలె ముందుగాల. తర్వాత ముట్టాలె."

"మట్టి కావాల్నంటే నేల తడుపుత తియ్యి," అంది భీమక్క. ఇంకెవరినీ అడగలేదు. బకెట్ తెచ్చి, ఇంటి ముందు సానుపు చల్లినట్టు గదంతా చల్లింది. సిమెంటు నేల నల్లబడింది. ఆపా కళ్ళు పెద్దవి చేసి చూసి, "షాబాష్! ఈమెను నా దుకాణంల పెట్టుకుంట" అంది.

తరవాత ఆపా సంచిలోంచి బల్బు తీసింది. దాని ఒక వైరు కరెంటు రంధ్రంలో, ఇంకొకటి పైన ఉన్న మూడో రంధ్రంలో పెట్టింది. ఎర్త్ ఉంటే బల్బు వెలగాలి. వెలగలేదు.

"మూడో రంధ్రం షోకుకు వెట్టిండ్రు," అంది.

ఆదయ్యను పట్టుకుని గోదాం వెనక్కి వెళ్ళాం. ఎర్త్ గుంత ఎక్కడుందో అతనికీ తెలియదు. చివరికి దొరికింది, సత్కారాల కొబ్బరి చిప్పలు, వాడిన దండల కుప్ప కింద! తీగ తెగి తుప్పుపట్టి ఉంది. మట్టి పొడిపొడిగా బూడిదలా ఉంది. ఆదయ్య తవ్వాడు. ఆపా తీగను గీకి బిగించింది. బొగ్గు, ఉప్పు పోశాం. భీమక్క బకెట్ మీద బకెట్ మోసింది. పదిహేను బకెట్లు! ఇప్పుడు బల్బు పెట్టి చూస్తే, భగ్గున వెలిగింది. నలుగురం కేకలు పెట్టాం. ఇరవై ఏళ్ళుగా ఆ ఆఫీసుకు నేలతో సంబంధమే లేదు. అది ఆ రోజు కలిసింది.

ఆపా ముంజేతికి రాగి తీగ చుట్టుకుంది. ఆ తీగకు మధ్యలో బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి అతికింది, పొరపాటున కరెంటు వస్తే మనిషిని కొట్టకుండా. తీగ ఇంకో కొస రెండో కంప్యూటర్ ఇనుప చట్రానికి బిగించింది. స్విచ్ ఆపి, ప్లగ్గు మాత్రం అలాగే ఉంచింది, ఆ మూడో కాలు నేలను పట్టుకుని ఉండాలని. ముందు చట్రాన్ని అరచేత్తో తాకింది. అప్పుడు గానీ లోపల చెయ్యి పెట్టలేదు.

అప్పటికి ఒంటిగంట దాటింది. ఆపా నా మొహం, భీమక్క మొహం మార్చి మార్చి చూసింది.

"ఒక మాట. ఈ బోర్డు ఇప్పకముందే రేగుంట లిస్టు ప్రింటు తీయాలె. ఇప్పినంక ఏమన్నయితే వాళ్ళ నోట్ల మన్నే. కానీ ఈడున్న ప్రింటర్ ముసలిది, దానికి గంటన్నర వడ్తది. మీ దానికి టైం ఉంటదో ఉండదో."

నేను నోరు తెరిచాను. నిజం చెబుతున్నాను, భీమక్కది ముందు కానివ్వమని అనబోయాను. భీమక్కే నన్ను ఆపింది.

"వాళ్ళది తీయుండ్రి ముందుగాల. నాది పోతే నాది పోతది. వాళ్ళది నా చేతుల పోవద్దు."

రాయండి ఇది మీ కమిటీ తీర్మానాల పుస్తకంలో!

రెండో కంప్యూటర్ గుయ్యిమని లేచింది. ప్రింటర్ రిబ్బన్‌ను ఆపా సోమవారం సాయంత్రమే తీసుకెళ్ళి స్టాంపు సిరా పట్టించి తెచ్చింది. మొదట గీరింది, తరవాత ఊపందుకుంది. కర్ర్, కర్ర్, కర్ర్! రేగుంట పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా బయటికొస్తుంటే నేను పైకి చదువుతున్నాను. గోదాం బయట జనం పోగయ్యారు. "మా నాయినది!" అని ఒకడు, "మా పెద్దమ్మ!" అని ఇంకొకామె. పండగలా ఉంది.

రెండు గంటల నలభైకి చివరి కాగితం చింపాం. ఆపా స్విచ్ ఆపింది. చట్రాన్ని తాకింది. బతికున్న డిస్కును బయటికి తీసి నూలు గుడ్డ మీద బోర్లించింది. ఆరు చిన్న మరలు. ఫోన్లు విప్పే నక్షత్రం స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటీ తీసింది. పచ్చ బోర్డును అంచులు మాత్రం పట్టుకుని పైకెత్తింది.

"నూరమ్మా! మా ఊరి కోడలివి! నీకు సత్కారం చెయ్యకపోతే సంఘం పరువుంటదా?"

రామనాథం! గడప మీద. చేతిలో కొత్త శాలువా, కవరు అప్పటికే చింపేసి ఉంది. వెనక ఫోనుతో కమిటీవాళ్ళిద్దరు. విప్పిన శాలువా గాలిలో చిటచిటలాడుతోంది. ఆపా చేతుల్లో బోర్డు. ఆమె కదలలేదు, కదిలితే పోతుంది. "సేట్, అక్కడ్నే ఆగుండ్రి!" అంది పళ్ళ సందుల్లోంచి.

"ఒక్క నిమిషం పని బిడ్డా, ఫోటో ఒక్కటి..." అంటూ లోపలికి కాలు వేయబోయాడు.

భీమక్క ఎప్పుడు వంగిందో నేను చూడలేదు. బకెట్‌లో మిగిలిన నీళ్ళు మొత్తం శాలువా మీద కుమ్మరించింది. శాలువా ముద్దయి ఆయన చేతుల్లోంచి జారింది. సగం నీళ్ళు ఆయన లాల్చీ మీదే పడ్డాయి.

"ఇగ కప్పుకో సేట్," అంది భీమక్క నెమ్మదిగా. "ఇగ చిట్ అనది."

ఆదయ్య నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. ఆపా మాత్రం నవ్వలేదు. నవ్వితే చేతులు వణుకుతాయి. బోర్డును చనిపోయిన డిస్కు అడుగున అమర్చింది. ఆరు మరలు బిగించింది. వెడల్పాటి వైరు, కరెంటు వైరు తగిలించింది. చెయ్యి బయటికి తీసింది. "బిస్మిల్లా" అని స్విచ్ వేసింది.

ఏమీ లేదు. తెర మీద చుక్క ఒక్కటి కొట్టుకుంటోంది. డిస్కు మూగగా ఉంది.

భీమక్క నా భుజం పట్టుకుంది. ఆమె వేళ్ళు ఎంత గట్టిగా దిగాయంటే రెండు రోజులు నొప్పి ఉంది. టైం మూడూ ఇరవై.

"పరేషాన్ కాకుండ్రి," అంది ఆపా. ఆమె నుదుటి మీద చెమట. స్విచ్ ఆపింది, మళ్ళీ విప్పింది. డిస్కుకూ బోర్డుకూ మధ్య తగిలే బంగారు రంగు చుక్కలు నల్లగా మసిబారి ఉన్నాయి. స్పిరిట్‌లో దూది ముంచి, రుద్దకుండా అద్దుతూ తుడిచింది. మళ్ళీ మరలు. మళ్ళీ వైర్లు. స్విచ్.

టిక్. టిక్. తరవాత గుయ్య్య్!

తిరిగింది! తిరుగుతోంది! ఆపా కూర్చున్న చోటే తల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. తెర మీద అక్షరాలు వరసలు కట్టాయి. ఆపా మీటలు నొక్కింది. జింగనూర్ తెరుచుకుంది. నాలుగు వందల పన్నెండు పేర్లు!

ప్రింటర్ మళ్ళీ గీపెట్టింది. నూట ఎనభై ఏడో వరసలో వచ్చింది: భీమక్క, జింగనూర్, కార్డు నంబరు, 1998 మే. ఆమెకు చదువు రాదు. "ఏడున్నది నా పేరు?" అని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. అక్షరాల మీద వేలు ఇటు నుంచి అటు జరిపింది.

"గింత పొడుగున్నదా!" అంది.

నాలుగున్నరకు ఆటో ఎక్కాం. రామనాథాన్ని మా మధ్యన కూర్చోబెట్టుకున్నాం, తడి లాల్చీతోనే. సంఘం ముద్ర ఆయన జేబులో ఉంటుందని సిరొంచలో ఎవరికి తెలియదు? ఐదుకు పది నిమిషాల తక్కువలో పట్టా ఆఫీసులో సాహెబ్ బల్ల ముందు నిలబడ్డాం. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "సంఘం ముద్ర ఏది?" అన్నాడు సాహెబ్. రామనాథం "కమిటీ మీటింగ్‌ల..." అని మొదలుపెట్టాడు. భీమక్క ముందుకొచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి చూసింది, అంతే. ఆయన జేబులోంచి ముద్ర తీశాడు. గుద్దాడు. సాహెబ్ కాగితం తీసుకుని ముట్టినట్టు రాసి సంతకం పెట్టాడు. నాలుగూ యాభై ఎనిమిది!

అయితే ఆ ముద్ర పడింది భీమక్క పేరున్న వరస పక్కన మాత్రమే. బయటికొస్తూ రామనాథం నాతో ఏమన్నాడంటే, "మిగిలినోళ్ళది వచ్చే నెల మీటింగ్‌ల సూద్దాం తిరుపతమ్మా."

వచ్చే నెలా? జింగనూర్ వైపు నాలుగు వందల పదకొండు మంది మిగిలారు. రేగుంట వైపు వాళ్ళంతా మిగిలారు. వీళ్ళలో ఎంతమంది దావాలు పురావా లేదని పోయినేడే కొట్టేశారో ఆ బల్ల మీది ఫైళ్ళకు తెలుసు. పురావా ఉంది! మీ గోదాంలోనే, మీ గోనెసంచుల కిందే, ఇరవై ఏళ్ళు ఉంది. ఆ రెండు డిస్కులకూ ఉన్న బోర్డు ఒక్కటే. ఇంకొక సత్కారాన్ని అది తట్టుకోదు.

సేట్, మీటింగు వద్దు, తీర్మానం వద్దు. రేపు పొద్దున పది గంటలకు ముద్ర తెచ్చుకుని గోదాం తలుపు తీయండి. ప్రతి కాగితం మీదా గుద్దండి. ప్రతి ఊరి లిస్టూ ఆ ఊరి పంచాయతీ గోడ మీద అంటించండి. ఆ గది తాళం నూరున్నీసా ఆపా చేతికివ్వండి. సాహెబ్, పురావా లేదని కొట్టేసిన దావాలన్నీ మళ్ళీ తెరవండి, అందరినీ విచారణకు, మీరనే సునావణికి, పిలవండి. చెలకల్లో గుంతలు తవ్వడం ఈ రోజే ఆపండి. రేపు పదింటికి మేమంతా గోదాం ముందు ఉంటాం. జింగనూర్ నుంచి నాలుగు జీపులు బయల్దేరుతున్నాయి.